గ్యాప్ ఎన్ని రోజులండీ

"మూడండీ" అన్నాడు ఎలీయాజరు. అది అబద్ధమని అనేశాక గాని తనకే తట్టలేదు, అంత తేలిగ్గా ఊడిపడింది నోట్లోంచి. ఏలూరు సంతాన కేంద్రంలో ల్యాబు తలుపు సగం తెరిచి పట్టుకుని నిలబడ్డ అమ్మాయి నెత్తిన ఆకుపచ్చ టోపీ, మెడలో శ్రావ్య అని పేరున్న బ్యాడ్జీ, చేతిలో పొద్దున్న అతను నింపి ఇచ్చిన కాగితం. కాగితం వంకా అతని మొహం వంకా మార్చి మార్చి చూసింది. "మూడేనాండీ గ్యాప్? ఆలోచించి చెప్పండి. ఎందుకంటే శాంపిల్ చూస్తే చాలా రోజులు ఆగినట్టుందండి, చచ్చిన వీర్యకణాలు ఎక్కువున్నాయి. మీకు పోయినసారి టెస్టులో నూటికి ముప్పై ఎనిమిది డీఎన్‌ఏ విరిగినవే వచ్చాయి కదా, అందుకే రెండు మూడు రోజులకి మించి ఆగొద్దన్నారు మేడం గారు. ఒకవేళ ఎక్కువైనా కంగారేం లేదండి, ఇంకో శాంపిల్ ఇచ్చేయండి. వెంటనే ఇచ్చిన రెండోది తాజాగా ఉంటుంది, దెబ్బతిన్నవి తక్కువుంటాయి. పదకొండింటిలోపు ఇస్తే దాంట్లోంచే ఏరతాను. పదకొండున్నరకి అండాల్లోకి ఎక్కించేస్తానండి. ఆ తర్వాత ఇంక చేసేదేం ఉండదు." ఇంతకంటే విప్పి ఎవరు చెబుతారు? పసిపిల్లాడికి అన్నం కలిపి నోటి దగ్గర పెట్టినట్టు పెట్టింది. "మూడేనండీ" అన్నాడు మళ్ళీ. "సరేనండి" అంది. తలుపు మూసుకుంది. గోడ మీద గడియారం పది దాటి ఐదు నిమిషాలు.

మూడు కాదు. నలభై నాలుగు. శ్రమల దినాలు మొదలైన బూడిద బుధవారం నించి ఇవాళ్టి గురువారం దాకా, చర్చి లెక్కన ఆదివారాలు తీసేస్తే ముప్పై ఎనిమిది, కానీ ఒంటికి ఆదివారమేదో తెలుసా, ఒంట్లో పుట్టి ఒంట్లోనే కుళ్ళేదానికి శ్రమల దినాలేవో తెలుసా. పెంటపాడు మండలంలో ఆ చిన్న చర్చిలో పాస్టరు గారు అడిగారు, ఈ నలభై దినాలూ ఏ దంపతులు ప్రత్యేకించుకుంటారు అని, అడిగీ అడగ్గానే వెనకనించి అమ్మ మోచేత్తో పొడిచింది. "లేరా ఎలీయా, లేచి నిలబడరా, మీకు కాకపోతే ఎవరికిరా." యేసమ్మ మోచెయ్యి ఇనప గునపం, డెబ్బై ఏళ్ళొచ్చినా వంగలేదు. లేచాడు. క్రిస్టినా ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చుని తల తిప్పి చూసింది, ఆమెని ఎవరూ అడగలేదు, ఆమె కూడా లేచింది. ఆ రాత్రి నించి అతను వసారాలో నులక మంచం మీద, ఆమె లోపల. ముట్టుకోకూడదు. తనని తాను కూడా. అది పాస్టరు గారు పైకి అనలేదు, అననక్కర్లేదు, పద్నాలుగో ఏట సండే స్కూల్లో వేసిన భయం అది, నలభై మూడో ఏడు వచ్చినా చర్మం కింద మేకులాగా ఉంది. డాక్టరమ్మ ఏమో సోమవారం నాడో మంగళవారం నాడో ఒకసారి ఖాళీ చేసుకోండి, పాతది ఉంచుకోవద్దు అంది, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని విన్నారు. మంగళవారం పొద్దున్న క్రిస్టినా పొట్ట మీద ఇంజక్షన్ పొడిచిన చోట దూది అదిమిపెట్టుకుని, వసారాలోకి వచ్చి, మొహం పక్కకి తిప్పుకుని అడిగింది. "ఏవండీ, ఆ పని చూసుకున్నారా?" "ఆఁ" అన్నాడు. ఆఁ. ఒక్క అక్షరం కూడా కాదు అది, గొంతులో గాలి. ఆ గాలిని నమ్మి ఆమె లోపలికి వెళ్ళిపోయింది. ఆమె నమ్ముతుంది. పదమూడేళ్ళ నించి ఆమె చేసిన తప్పేదైనా ఉంటే అదొక్కటే.

పైగా పొద్దున్న గర్వపడ్డాడు. అది తలుచుకుంటే ఇప్పుడు ఈ స్టీలు కుర్చీ కిందకి దూరిపోవాలనిపిస్తోంది. పొద్దున్న ఎనిమిదింటికి, ఆ చిన్న గదిలో, గడియ బిగించుకుని, పాత సోఫా, చేతులు కడుక్కునే తొట్టి, మూత మీద తన పేరు రాసిన ప్లాస్టిక్ డబ్బా, పక్క గదిలో ఎవరో దగ్గుతుంటే వినపడే పల్చటి గోడ. పోయిన రెండుసార్లూ డబ్బా అడుగు తడిసిందంతే. ఇవాళ చూసుకుంటే చిక్కగా, బరువుగా, రెండు వేళ్ళ మందం. దేవుడా, దాచినందుకు ఫలితం అనుకున్నాడు. డబ్బా అందించే కిటికీలోకి చెయ్యి పెట్టేటప్పుడు నవ్వొచ్చింది కూడా. ఎంత గాడిదవిరా. డెల్టాలో పుట్టి, వరి చేలల్లో పెరిగి, ఎంత గాడిదవిరా. నాన్న ఊళ్ళో ఈశ్వరప్రసాద్ గారనే రైతు పొలంలో పాలేరుగా ఉన్నప్పుడు విత్తనాల రోజున గంగాళంలో ఉప్పునీళ్ళు కలిపి కోడిగుడ్డు వేసి చూసేవాడు. గుడ్డు తేలితే నీళ్ళు సరిపడ్డాయని లెక్క. అప్పుడు వడ్లు కుమ్మరించేవాడు. తేలినవన్నీ తాలు, చేత్తో తోసి పారబొయ్యడమే. మునిగినవే విత్తనం. గంగాళం అంచు పట్టుకుని ఎలీయాజరు తేలినవాటిని తోసేవాడు, ఏడేళ్ళ వాడు, ఎంత హుషారు, ఏదో తీర్పు చెబుతున్నట్టు. బస్తా ఎంత లావుందని ఎవడైనా చూశాడా? పాత బస్తాలో విత్తనం మొలవదని అక్కడ కోళ్ళకి కూడా తెలుసు. మరి తన దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివేమైంది? ఇక్కడేమో తిరగేసి, ఈదగలిగినవి పైకి రావాలి, మునిగినవి తాలు. చచ్చినవి ఎక్కువున్నాయండి. అంత నిండు డబ్బా, అంతా శవాల బస్తా.

పక్క కుర్చీలో కుర్రాడు కదిలాడు. పొద్దున్నించీ మాట కోసం వెతుక్కుంటున్నాడు, ఇప్పుడు దొరికింది. వట్లూరులో ఏదో కాలేజీ ఆఫీసులో పనంట, పేరు ఫణికిరణ్ అని అడక్కుండానే చెప్పాడు. "ఎన్నోసారండీ మీది?"

"మూడు."

"మాది మొదటిదండీ. మీక్కూడా చిప్పేనా? మాకు చిప్పే వాడతారంట. నా ఫోన్లో కూడా అంత మంచి చిప్పు లేదండి." తన జోకుకి తనే నవ్వుకున్నాడు. "సన్న సన్న కాలవలుంటాయంట కదండీ ఆ బిళ్ళలో. ఇవతల మనది పోస్తే, దమ్మున్నది ఎదురీది అవతలికి చేరుతుందంట. మా ఆవిడంటుందీ, మీవి అవతలికి పోవు లెండి, మీ లాగే మధ్యలో టీ తాగుతూ కూర్చుంటాయీ అని." మళ్ళీ నవ్వు. "రెండు రోజులే గ్యాప్ అన్నారని ఫోన్లో అలారం పెట్టానండి నేను. అది సరిగ్గా ఆఫీసులో మీటింగులో మోగింది. మా సార్, ఏంటయ్యా ఆ అలారం అంటే ఏం చెప్పన్చెప్పండి!"

ఎలీయాజరు పెదాలు సాగదీశాడు. అలారం పెట్టుకున్నాడంట వీడు. పాతికేళ్ళు దాటి నాలుగేళ్ళుంటాయేమో, పెళ్ళయి రెండేళ్ళంట, రెండేళ్ళకే పరీక్షలు, అతనికి ముందు, ఆవిడకి తర్వాత. అదీ వరస. అతనికి ముందు. ఎంత చిన్న విషయం, ఒక డబ్బా, ఒక గంట, ఒక కాగితం. తనకేమో ఆ డబ్బా ముట్టుకోడానికి పదేళ్ళు పట్టింది. ఆ పదేళ్ళలో క్రిస్టినాని పడుకోబెట్టి గర్భసంచి గొట్టాల్లోకి రంగు పంపి ఎక్స్‌రే తీశారు, అరిచింది, బయట బల్ల మీద కూర్చున్న అతనికి వినపడింది. బొడ్డు దగ్గర కోసి కెమెరా పెట్టి చూశారు, బాగానే ఉందన్నారు. బాగానే ఉంటే మరి ఏంటి? అంది అమ్మ. ఆకుమందు, పూస మందు, నూనె పూసి ప్రార్థన, చేయి పెట్టి ప్రార్థన, మూడు శుక్రవారాలు కఠిన ఉపవాసం. తాడేపల్లిగూడెం డాక్టరు ఒకాయన చీటీ మీద భర్తకి కూడా టెస్టు అని రెండుసార్లు రాసిచ్చాడు. ఆ చీటీ చొక్కా జేబులోనే నాని పోయింది, ఉతుకుళ్ళలో ముద్దయి పోయింది, రెండుసార్లు. ఎవరికీ తెలీదు. క్రిస్టినాకి తెలుసా? చొక్కాలు ఉతికేది ఆమే కదా. తెలిసే ఉంటుంది. తెలిసి నోరు మూసుకుని మళ్ళీ ఇస్త్రీ చేసి పెట్టిందంటే... వద్దు. అంగన్‌వాడీలో ప్రతి నెలా ఊళ్ళో పిల్లలందర్నీ తక్కెట్లో కూర్చోబెట్టి తూచి రాస్తుంది ఆమె, ఇరవై మూడు మంది, ఒక్కొక్కళ్ళ బరువూ నోటికి చెబుతుంది. ఎవరింట్లోనో బారసాలకి వెళ్తే మాత్రం, ముందు పెద్దవాళ్ళు, తర్వాత పిల్లల తల్లులు, ఆఖరికి చీకటి పడ్డాక, ఎవరూ చూడనప్పుడు, ఎవరో ఒకరు పోనీలే పాపం అని బిడ్డని ఒళ్ళో పెట్టేవాళ్ళు. తూచినప్పుడు పనికొచ్చిన చేతులే అవి. అమ్మ గొడ్డుది అన్న మాట ఎప్పుడూ మొహాన అనలేదు. దూడ కోసం తెచ్చిన ఆవు గురించి పక్కింటి వాళ్ళతో గట్టిగా మాట్లాడేది, అంతే. ఆవు లేదు వాళ్ళింట్లో. ఎప్పుడూ లేదు. అతను వసారాలో కూర్చుని పేపరు చూసేవాడు.

మగాడు కదా. మిల్లులో ఊక బాయిలర్ దగ్గర పదిహేడేళ్ళు, ఉప్పుడు బియ్యానికి ఆవిరి పుట్టించే మగాడు. పొయ్యి తలుపు తీస్తే మొహం మీద పులి ఊదినట్టుండేది. పారతో ఊక తోయడం, మళ్ళీ తోయడం, కాళ్ళ మధ్య చెమట కారి లుంగీ పిండుకుంటే నీళ్ళు. నడుం కిందంతా ఉడికేది. అక్కడే భోజనం, అక్కడే కునుకు, చలికాలం అయితే అందరూ అసూయపడేవాళ్ళు, నీకేంరా వెచ్చగా అని. ఒకసారి మనోజ్ అని లోడింగు వాడు, అందరి ముందూ, "ఏం బావా, పదిహేడేళ్ళుగా ఆవిరి పుట్టిస్తున్నావు, ఇంకేం పుట్టించలేవా?" అన్నాడు. పార ఎత్తాడు వాడి మీదకి. నలుగురు పట్టుకున్నారు. పార ఎత్తగలిగినవాడు ఒక డబ్బా ఎత్తలేకపోయాడు. ఏలూరు డాక్టరమ్మ మొదటి మాటే అడిగింది, వేడి దగ్గర పనాండీ అని. ఒంటికన్నా రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉండాలనే అవి బయట వేలాడుతున్నాయండి, మీరు వాటిని రోజూ ఎనిమిది గంటలు ఉడకబెట్టారు, అంది. ఎవడు చెప్పాడు? పదిహేడేళ్ళలో మిల్లులో ఒక్కడైనా చెప్పాడా? ధాన్యంలో తేమ ఎంతో చూడ్డానికి మిషనుంది, బియ్యంలో నూకెంతో చూడ్డానికి మిషనుంది, మెరిక తగిలితే ఏరి అవతల పారేసే కెమెరా మిషన్ కోట్లు పోసి తెచ్చారు. పొయ్యి ముందు నిలబడ్డ వాడి ఒంట్లో ఏం మాడుతోందో చూసిన మిషనేది? బాయిలర్ ఇన్‌స్పెక్టర్ ఏడాదికోసారి వచ్చి బాయిలర్ బాగుందో లేదో చూసి పోయేవాడు. బాయిలర్ బాగానే ఉండేది.

వేడి మానేశాడు, నిజమే. డిసెంబరులోనే బాయిలర్ వదిలేసి కాటా దగ్గర బస్తాలు సర్దే పనికి మారాడు, కొత్త వీర్యం తయారవ్వడానికి మూడు నెలలు పడుతుందంటే మూడు నెలలూ బీడీ కూడా మానాడు. అన్నీ చేశాడు. తీరా పండిన పంటని కోసి తేకుండా చేలోనే వదిలి మురగబెట్టాడు. రెండోసారి అప్పుడు ఏడు అండాలొచ్చాయి క్రిస్టినాకి, నాలుగు పిండాలయ్యాయి, మూడో రోజు దాకా ఒకటి రెండై, రెండు నాలుగై, నాలుగు ఎనిమిదై పరుగెత్తాయి, అక్కడ ఆగిపోయాయి. నాలుగూ. డాక్టరమ్మ బొమ్మ గీసి చెప్పింది. మూడో రోజు దాకా తల్లి సరుకుతో బండి నడుస్తుందండి, అక్కణ్ణించి తండ్రి సరుకు అందుకోవాలి, అది విరిగిపోయి ఉంటే ఇక నడవదు. క్రిస్టినా ఆ బొమ్మ వంక చాలాసేపు చూసింది. అతని వంక చూడలేదు. బయటికొచ్చాక బస్టాండు దాకా నడిచి, "మరి బాగున్నవి ఏరలేరా?" అంది. మళ్ళీ వచ్చినప్పుడు అడిగితే, ఏరొచ్చంట, దానికి చిప్పుందంట, చురుకైన వాటిని వేరుచేసే పద్ధతులున్నాయంట, కానీ బయటికి నిక్షేపంగా కనపడ్డ దాని లోపల విరిగిందో లేదో మైక్రోస్కోపు అద్దంలో తెలీదంట. ఎంత బాగా ఏరినా రాశిలో ఉన్నవే కదండీ ఏరాలి అంది డాక్టరమ్మ. రాశి బాగుండాలి. రాశి తను. నూటికి ముప్పై ఎనిమిది. ఇవాళ ఎంత? యాభయ్యా? అరవయ్యా?

పదీ నలభై. గడియారం కింద నవ్వుతున్న పిల్లాడి ఫోటో, తెల్లోళ్ళ పిల్లాడు, కళ్ళు నీలం, ఈ కొల్లేటి గట్టున పుట్టేవాళ్ళెవరికీ లేని కళ్ళు. టీవీలో శబ్దం లేకుండా ఎవరో వంట చేస్తున్నారు. తలుపు పది అడుగుల దూరం. లేచి, పది అడుగులు వేసి, వేలితో తట్టి, అమ్మా, నలభై నాలుగండీ అంటే చాలు. ఏమంటుంది? అయ్యో అంటుంది. డబ్బా ఇస్తుంది. అంతే కదా. ఆ అమ్మాయికి ఎన్నేళ్ళు, ఇరవై ఆరో ఇరవై ఏడో, అక్క కూతురంత. ఆ పిల్ల ముందు ఆ మాటెలా? పెళ్ళాం ఉండగా నలభై నాలుగు రోజులేంటండీ అని అడిగితే చర్చి సంగతి చెప్పాలి, చెబితే నవ్వుతుంది, నవ్వకపోతే మరీ ఘోరం, జాలిపడుతుంది. మరి మంగళవారం ఆఁ అన్న మాట? క్రిస్టినాకి తెలుస్తుంది. సంఘం ముందు నిలబడి ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాను అనొచ్చు. అనొచ్చా? దేవుడు డబ్బాలు తూచుకుంటాడా, మురిగింది పట్టుకొస్తే మెచ్చుకుంటాడా. అమ్మకి చెప్పొచ్చు, అమ్మ మెచ్చుకుంటుంది.

మామగారుంటే ఏమనేవాడు? కైకలూరు అవతల లంకలో ఉండేవాడు క్రీస్తుదాసు, చేపపిల్లల హేచరీలో ముప్పై ఏళ్ళు చేశాడు, క్రిస్టినా ఒక్కతే కూతురు. పెళ్ళయిన కొత్తలో తీసుకెళ్ళి చూపించాడు, గుండ్రటి తొట్టి, నీళ్ళు తిరుగుతూ ఉంటాయి, మోకాలి లోతులో నిలబడి మగచేపని పసిబిడ్డలాగా చంకలో ఇరికించుకుని, పొట్ట మీద బొటనవేలితో సుతారంగా నొక్కాడు. తెల్లటి పాలు. "ఎంతొచ్చిందని చూడకూడదండి అల్లుడుగారూ. పచ్చిపాలలాగ పల్చగా ఉండాలి, నీళ్ళలో పడగానే విచ్చుకుపోవాలి. ఇదిగో, చూడండి. ముద్దగా పడిందంటే ఆ చేపని వదిలెయ్యడమే." పనయ్యాక చేతిలో చేపని నీళ్ళలోకి వదిలాడు, అది తోకతో ఎలీయాజరు మొహాన నీళ్ళు కొట్టి పోయింది, క్రిస్టినా గట్టు మీద నిలబడి పొట్ట పట్టుకుని నవ్వింది, ఎంత నవ్విందో, పమిట నోట్లో కుక్కుకుని. అలా నవ్వగలిగిన మనిషని ఇప్పుడెవరికి తెలుసు? తొలకరికి కొత్తనీరు దిగితే చేపలు కాలవల్లో ఎదురెక్కి వస్తాయండి, ఎదురెక్కింది మాత్రమే గుడ్డు పెట్టే చోటికి చేరుద్ది, మిగతావి వలల్లోకీ కొంగల్లోకీ, అనేవాడు. ఏరడం అంటే అదండి, మనం ఏరేదేంటి, నీళ్ళే ఏరతాయి. పోయిన ఏడు చచ్చిపోయాడు, ఆఖర్న మాట పడిపోయింది, ఎలీయాజరు చెయ్యి పట్టుకుని కూతురి పొట్ట వంక చూశాడు. అడిగాడా, తిట్టాడా, తెలీదు. ఆయనకి ఎన్నడో తెలిసిపోయి ఉంటుంది. ముప్పై ఏళ్ళు మగచేపల్ని పట్టుకున్నవాడికి అల్లుడి సంగతి తెలీదా?

పదకొండు కొట్టడానికి ఎనిమిది నిమిషాలు. నర్సు వచ్చి చెప్పింది. "ఎలీయాజరు గారూ, నాలుగొచ్చాయండి అండాలు. ఒకటి పక్వానికి రాలేదు. మూడు పనికొస్తాయి. మీ ఆవిడ మత్తులో ఉన్నారు, తర్వాత పిలుస్తాం." మూడు. పోయినసారి ఏడు, ఇప్పుడు మూడు. ముప్పై ఏడేళ్ళు క్రిస్టినాకి, అండాల గంప అడుగుకొచ్చేసిందని డాక్టరమ్మ చెప్పేసింది, ఇదే ఆఖరండి, నేనే ఇంక చెయ్యనంటాను అంది. క్రిస్టినా కూడా అదే అంది, నా ఒళ్ళింక ఒప్పదండీ అని. ఆ గంప నిండుగా ఉన్నప్పుడు అతను పేపరు చూస్తున్నాడు. ముప్పై ఒకటికి చూపించుకుని ఉంటే, ముప్పై మూడుకి చూపించుకుని ఉంటే. అండాలు తక్కువ. వయసు మీరింది. ఇక్కడ, సరిగ్గా ఈ మాట దగ్గర, ఎలీయాజరు లోపల ఏదో చల్లగా సర్దుకుని కూర్చుంది, అతను దాన్ని చూశాడు. ఇది కూడా పోతే, మూడే కదా వచ్చాయి, అంటారు. అండాలు పాతబడిపోయాయి అంటారు. అమ్మ అంటుంది, పాస్టరమ్మ అంటుంది, డాక్టరమ్మే అంటుంది. ఎవరూ డబ్బా గురించి అనరు. కాగితం మీద మూడు రోజులు అని ఉంది. నోరు మూసుకుని కూర్చుంటే నేరం మళ్ళీ ఆవిడ గుమ్మం దగ్గరికే నడిచిపోతుంది, పదమూడేళ్ళుగా దానికి దారి అలవాటే. ఇందుకా కూర్చున్నావు ఇక్కడ? సిగ్గని చెప్పుకున్నావు, మొక్కుబడి అని చెప్పుకున్నావు, ఆడపిల్ల ముందు ఎలా అని చెప్పుకున్నావు. ఇదా అసలు సంగతి? కాదు అనుకున్నాడు. కాదు అని నాలుగైదుసార్లు అనుకున్నాడు. రెండోది ఇచ్చి, అది కూడా తాలే అయితే, అప్పుడింక సాకేముంటుంది, నలభై నాలుగు రోజులు కూడా సాకు కాదు, తను తనే. దానికన్నా ఈ కుర్చీ నయం. కాళ్ళలోకి లే అని కబురు పంపాడు. కాళ్ళు వినలేదు. ఫణికిరణ్‌ని పిలిచారు, వాడు లేచి జుట్టు సర్దుకుని, "ప్రార్థన చెయ్యండి సార్ మాక్కూడా" అని డబ్బా పట్టుకుని పోయాడు. పదకొండైంది. పెద్ద ముల్లు కదిలినట్టే ఉండదు, చూపు తిప్పితే ఐదు నిమిషాలు మింగేసి ఉంటుంది. ఇంకా ఫర్వాలేదు, ఐదు నిమిషాలకేముంది, అడిగితే తీసుకుంటుంది. పదకొండూ పది. అడిగితే కాదనదు. పదకొండూ ఇరవై, ఇప్పుడు వెళ్తే ఇంతసేపూ ఏం చేశారంటుంది. పదకొండున్నర. ల్యాబు తలుపు మీద ఎర్ర లైటు వెలిగింది. దాని అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు. లోపల ఆ పిల్ల అద్దంలో కన్ను పెట్టి, వెంట్రుక కన్నా సన్నటి సూదితో, అతని శవాల్లోంచి బతికున్నట్టు కనపడ్డ వాటిని వెతుకుతోంది. తోక ఆడుతోందా, తల గుండ్రంగా ఉందా. ఏరడం ఏరుతోంది పాపం. తెలిసినంతలో.

పన్నెండవుతుండగా క్రిస్టినా దగ్గరికి పంపారు. తెర చాటున మంచం, చేతికి సెలైను, పెదాలు ఎండి తెల్లబడ్డాయి, జుట్టు నుదుటికి అంటుకుపోయింది. కళ్ళు తెరిచింది. "ఎన్నొచ్చాయంటండీ?"

"నాలుగంట. మూడు పనికొస్తాయంట."

"మూడా." అంది. "చాలులెండి. మనకి కావలసింది ఒకటే కదా." ఎండిన పెదాలతో నవ్వబోయింది. "మీది బాగుందంటనా ఈసారి? చిప్పులోంచి ఈదాయంటనా?"

చెయ్యి మంచం పట్టీ మీద పెట్టాడు. బాగుందంట అనొచ్చు. నోట్లో తయారుగా ఉంది ఆ మాట, పొద్దున్న మూడండీ ఎలా ఉందో అలాగే. ఆమె అతని వంక చూస్తోంది, మత్తు దిగీ దిగని కళ్ళు, పసిపిల్ల కళ్ళలాగా దేన్నీ దాచుకోలేని కళ్ళు. "నేను ఖాళీ చేసుకోలేదు క్రిస్టినా" అన్నాడు. "మంగళవారం నీకు అబద్ధం చెప్పాను. నలభై నాలుగు రోజులదే ఇచ్చాను. ల్యాబులో అమ్మాయి అడిగింది, ఇంకోటిస్తే మార్చుకుంటానంది. మూడని చెప్పాను."

ఆమెకి అర్థమవడానికి కొంతసేపు పట్టింది. అర్థమవడం ఆమె మొహంలో కనపడింది, బట్ట మీద నూనె పాకినట్టు మెల్లగా. అరుస్తుందనుకున్నాడు, ఏడుస్తుందనుకున్నాడు.

"ఎప్పుడు అడిగింది?"

"పదింటికి."

"ఇప్పుడెంత?"

ఆమే గోడ మీద గడియారం వంక చూసుకుంది. మోచేతి మీద లేచింది. "పడుకో, కళ్ళు తిరుగుతాయి" అన్నాడు. కాళ్ళు కిందకి దించింది, స్టాండుకి వేలాడుతున్న సెలైను సీసా రెండో చేత్తో ఊడబీకి పైకెత్తి పట్టుకుంది, ఆసుపత్రి గౌను వెనక విడిపోయి ఉంది, పట్టించుకోలేదు. గోడ పట్టుకుంటూ వరండాలోకి నడిచింది. కుర్చీల్లో జనం, ఫణికిరణ్, వాడి పెళ్ళాం, ఎవరో ముసలాయన, అందరూ చూస్తుండగా ల్యాబు తలుపు అరచేత్తో బాదింది. "అమ్మా! అమ్మా, ఆగండమ్మా! మా ఆయనకి మూడు రోజులు కాదండీ! నలభై నాలుగండీ! ఇంకోటిస్తారండీ, ఆగండమ్మా!" పదమూడేళ్ళలో ఆ గొంతు అంత గట్టిగా ఎవరూ వినలేదు. ఎలీయాజరు వెనకే నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ దేన్ని దాచడానికి ఇంతా చేశాడో అది ఇప్పుడు వరండా అంతా తెలుసు, తెలిస్తే ఏమీ కాలేదు, పైకప్పు కూలలేదు. ముసలాయన తల వంచుకున్నాడు, అంతే.

తలుపు తెరుచుకుంది. శ్రావ్య మాస్కు కిందకి లాక్కుంది. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళని చూసింది. "అయిపోయిందండీ" అంది చాలా మెల్లగా. "ఇప్పుడే, పది నిమిషాలైంది. మూడిట్లోకీ ఎక్కించేశాను."

"తీసెయ్యలేరా?"

"తియ్యడం ఉండదండి. ఉన్నవాట్లో బాగున్నవే ఏరానండి. పైకి బాగానే ఉన్నాయి."

"లోపల?"

శ్రావ్య కుర్చీ ముందుకి జరిపింది. అబద్ధం చెప్పడం రాని పిల్ల. "కూర్చోండమ్మా, పడిపోతారు" అంది.

"రేపు తెలుస్తుందాండీ?"

"రేపు పొద్దున్న కలిసిందీ లేందీ తెలుస్తుందండి. అసలు సంగతి మూడో రోజు దాటాకే."

"రేపు గుడ్ ఫ్రైడే కదా."

"మాకు సెలవుండదండి." మాస్కు పైకి లాక్కుంది. "ఫోన్ చేస్తాను" అని లోపలికెళ్ళింది.

ఎత్తి పట్టుకున్న సెలైను సీసా కిందకి దిగింది, గొట్టంలోకి నెత్తురు కొద్దిగా ఎగబాకింది. "ఇటివ్వు, నేను పట్టుకుంటా" అని ఎలీయాజరు చెయ్యి చాపాడు. క్రిస్టినా ఆ చేతి వంక చూసింది, కోపంగా కాదు, ఎవరో మర్చిపోయిన వస్తువుని చూసినట్టు. సీసా ఇవ్వలేదు. ఇంకాస్త పైకెత్తింది, నెత్తురు మళ్ళీ కిందకి జారే దాకా అలాగే నిలబడింది. తర్వాత గోడ పట్టుకుని, ఒక్కో అడుగే వేసుకుంటూ, మంచం దగ్గరికి వెళ్ళిపోయింది. చాపిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో ఎలీయాజరుకి తెలియలేదు.